దగ్గు మానేసిన ఫిట్టరు

తాడేపల్లిగూడెంలో పాండురంగారావు గారి రైస్ మిల్లుకి సైరన్ లేదు. నిత్యానందం దగ్గే సైరన్.

ఆయన అక్కడ చాలా ఏళ్లుగా ఫిట్టరు. పాలిషర్ విప్పినా, బెల్టు బిగించినా లేచే తవుడు దుమ్మంతా ముందు ఆయన ముక్కులోకే వెళ్లేది. మొదట్లో గొంతు సవరించుకున్నట్టుండే దగ్గు రానురాను మిల్లు మోతను మించిపోయింది. అది వినపడగానే ఊక గుట్ట వెనక కునుకు తీసేవాళ్లు లేచి బస్తాలు పట్టుకునేవారు. ఇంట్లో భార్య సూర్యకాంతం, వీధి మొదట్లో దగ్గు వినగానే స్టవ్ మీద కాఫీ పెట్టేది. అందరికీ సౌకర్యమే. ఆయనకి మాత్రం ఒక్క వాక్యం పూర్తిచేసే ఊపిరి లేదు.

ఏలూరు డాక్టరు చూసి, ఊపిరితిత్తుల్లో వాపుందని, తగ్గకపోతే మిల్లు పని మానేయాలని చెప్పాడు. పీల్చే మందు రాశాడు, మాస్కు పెట్టుకోమన్నాడు. ఫార్మసీ చదివే మేనకోడలు శ్రీలేఖ, అడ్డసరం ఆకులో వాపును తగ్గించే పదార్థం ఉందంటున్నారని చెప్పింది.

"కాకపోతే ఇంకా ఎలుకల మీదే చూస్తున్నారు మావయ్యా."

"మన మిల్లులో ఎలుకలు అసలు దగ్గవు కదే," అంది సూర్యకాంతం. "వాటికెందుకు మందు?"

డాక్టరు సరేనన్నాక ఆవిడ అడ్డసరం కషాయం కాచి ఇవ్వసాగింది. నిత్యానందం ఎవరితోనూ వాదించకుండా, దుమ్ము కక్కే గొట్టానికి మందపాటి గుడ్డసంచి కుట్టి బిగించాడు. కొన్ని నెలలకి దగ్గు పోయింది. కషాయమా, పీల్చే మందా, గుడ్డసంచా అన్నది ఎవరూ తేల్చలేదు.

గొడవ అప్పుడు మొదలైంది. ఆయన చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడేసరికి తవుడు చెరిగే రత్నం చేట జారవిడిచింది. బస్తాలు మోసే బుచ్చిబాబు ఊకలోకి దూకాడు. అందరూ వెళ్లి యజమాని దగ్గర మొరపెట్టుకున్నారు.

"మనిషో దెయ్యమో తెలీట్లేదండీ. ఓ దగ్గు దగ్గి రమ్మనండి," అన్నాడు బుచ్చిబాబు, జుట్టులో ఊక దులుపుకుంటూ.

పాండురంగారావు గారు నిత్యానందాన్ని పిలిపించారు. "ఉత్తుత్తిగా దగ్గండి నిత్యానందం గారూ. పనివాళ్లు జడుసుకుంటే మిల్లెలా నడుస్తుందండీ?"

ఉత్తుత్తిగా దగ్గగా దగ్గగా గొంతు మండింది. పోయిన దగ్గు కాస్తా తిరిగొస్తుందేమోనని భయపడి, కొల్లేటి చేపలమ్మే వాళ్లు సైకిలు మీద నొక్కే రబ్బరు హారన్ ఒకటి కొని నడుముకి కట్టుకున్నాడు. పాం, పాం. మిల్లు కుదుటపడింది.

సాయంత్రం ఇంటికొస్తూ, భార్య కాఫీ పెడుతుందని వీధి మొదట్లోనూ నొక్కాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు సూర్యకాంతమే గిన్నె పట్టుకొచ్చింది.

"ఏం చేపలయ్యా?"

"చేపల్లేవు సూర్యకాంతం, మిల్లులో జనం జడుసుకుంటున్నారని ఇది కొన్నాను, నొక్కితే కాఫీ పెడతావనుకున్నాను గానీ ఇలా గిన్నె పట్టుకొస్తావనుకోలేదు."

ఆవిడ గిన్నె అరుగు మీద పెట్టేసింది.

"ఏవండీ, మళ్లీ చెప్పండి."

"ఏది?"

"అదే. అంతా. ఆగకుండా."

ఆయన మొదట్నుంచీ చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పక్కింటి కుసుమకుమారి గిన్నె మోగించింది. "బానే ఉందండీ మీ వరస. కొరమేనుందో లేదో చెప్పండి ముందు!"