సహజంగా నవ్వండర్రా, సారొస్తున్నారు!

ఆ రోజుల్లో నాకు ఆట అంటే మహా గౌరవం. చిన్నప్పుడు ఆటల మీద పడి తిరిగినందుకు వీపు వాయించుకున్నదాన్నే అయినా, టీచర్ ట్రైనింగ్‌లో చేరాక ఆట వల్ల మెదడు వికసిస్తుందనీ, మాటలు పెరుగుతాయనీ, నలుగురితో మెలగడం వస్తుందనీ పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. (ఆ పరీక్షకు చదువుతుండగా పక్కన గోలీలాడి గోల చేస్తున్న మా తమ్ముడి నెత్తిన ఒక మొట్టికాయ వేసిన మాట కూడా నిజమే.) ఇంత జ్ఞానాన్ని మూటగట్టుకుని, ఘాట్ రోడ్డు మలుపుల్లో పొద్దున తిన్న ఇడ్లీలను బస్సు కిటికీకి అప్పగించి, అరకులోయకు పైన కాఫీ తోటల మధ్య ఉన్న ఒక కొండ ఊరి బడిలో తొలి ఉద్యోగానికి చేరాను.

బడికి నేను కాక ఉన్నది పెద్దమాస్టారు ఒక్కరే. శ్రీకాకుళం వైపు మనిషి, భుజాన ఎప్పుడూ కండువా, మంచివారు, పిల్లల్ని పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆయనకున్న జబ్బల్లా తనిఖీ భయం. కింద రోడ్డు మీద ఏ జీపు చప్పుడైనా సరే, ఆయన చెయ్యి తనంతట తనే చొక్కా పైగుండీ వెతుక్కునేది. రిటైర్మెంటు దగ్గర పడింది, ఇప్పుడేదైనా మాటొస్తే ఇంకా లోపలి కొండల్లోకి విసిరేస్తారని దిగులు. నాదా, ఇంకా పర్మినెంటు కాని ఉద్యోగం. అలాంటి మా ఇద్దరి నెత్తినా పిడుగులా ఫోన్లో ఒక ఉత్తర్వు పడింది: ఇకనుంచి చిన్న తరగతుల పిల్లలు ఆటల ద్వారానే నేర్చుకోవాలి, బడికొక బొమ్మల పెట్టె వస్తుంది, ఎలా ఆడుతున్నారో చూడటానికి ఆఫీసరుగారు స్వయంగా వస్తారు.

పెట్టె వచ్చింది. రంగురంగుల దిమ్మలు, ప్లాస్టిక్ ఏనుగులు, గుడ్డ బొమ్మలు, చిట్టి వంటసామాను. పిల్లలు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూస్తుంటే, పెద్దమాస్టారు ఒక్కొక్కటీ లెక్క చూసి మళ్ళీ పెట్టెలో సర్దేసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

"అదేటండీ, పిల్లలాడుకోవద్దా?" అన్నాను.

"ఇప్పుడిస్తే ఇరగ్గొట్టెత్తారమ్మా. సారొచ్చినప్పుడు నీటుగా ఉండాల గదా. ఈలోగా ప్రాక్టీసు సేయిద్దాం."

ఆ విధంగా మా బడిలో బొమ్మలు లేకుండా బొమ్మలతో ఆడటం మొదలైంది. పెద్దమాస్టారు బల్ల మీద స్కేలుతో కొడితే పిల్లలు గాల్లో దిమ్మలు పేర్చాలి. ఇంకోసారి కొడితే కూల్చాలి. మళ్ళీ కొడితే నవ్వాలి. "సహజంగా నవ్వండర్రా! ఏటా ఏడుపుగొట్టు మొహాలు? బేగి నవ్వండి!" నవ్వుల శాఖకు నేను ఇన్‌ఛార్జిని. పాఠ్యపథకంలో 'ఉద్దేశం: ఆనందం' అని గుండ్రంగా రాసి కింద గీత కూడా గీశాను. కొన్నాళ్ళకు మూడో తరగతి మిరపకాయ (పేరు వేరే, గొంతును బట్టి నేను పెట్టుకున్న ముద్దుపేరు) నా చీర కొంగు పట్టుకుంది.

"టీసరమ్మా, ఇయ్యాల ఆట వద్దమ్మా. ఎక్కాలు సెప్పవా?"

ఎక్కాలు అడిగే పిల్లను చూసి నేను పొంగిపోయాను. ఆట వల్ల లెక్కల మీద ఆసక్తి పెరిగిందని పెద్దమాస్టారికి చెప్పాను కూడా.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లల తలలకు నూనె, బీరువాకు విముక్తి. దిమ్మలు బారుగా పేర్చి, సారొచ్చేదాకా ముట్టుకోకండని చెప్పి, పిల్లల చేతులు మోకాళ్ళ మీద పెట్టించి కూర్చోబెట్టాం. పొగమంచు కరిగింది, ఎండ వచ్చింది, అన్నాలయ్యాయి, ఆఫీసరు రాలేదు. (దారిలో బొర్రా గుహలు చూడటానికి ఆగారని తరవాత తెలిసింది. ఆటవిడుపు పెద్దలకూ అవసరమే.) పెద్దమాస్టారు ఫోను సిగ్నలు కోసం బడి వెనక మెట్ట ఎక్కారు. నేను పిల్లల్ని కాసేపు బయటికి వదిలాను. వెళ్ళినవాళ్ళు ఎంతకీ రాకపోయేసరికి వెతుక్కుంటూ బయటికి వెళ్ళాను.

మైదానంలో, సిల్వర్ ఓక్ చెట్ల కింద, ఇంకో బడి నడుస్తోంది. భుజాన కండువాతో, చేతిలో కర్రపుల్లతో మిరపకాయ పెద్దమాస్టారయింది. ఒకడు కంచాన్ని స్టీరింగులా తిప్పుతూ జీపులో వచ్చిన ఆఫీసరు, చెవికి పలకరాయి ఆనించుకుని "హలో, మీటింగులో ఉన్నాను" అంటున్నాడు. ఇంకో పిల్ల ఆకును కాగితంలా పట్టుకుని, తల పక్కకి వాల్చి, సన్నగా "ఉద్దేశం... ఆనందం" అంటోంది. (తల అలా వాలుస్తానని నాకు ఆరోజే తెలిసింది.) బడిలో చేరింది మొదలు నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడని, ఇంట్లో కొండభాష తప్ప ఎరగని చిన్నది ఉన్నట్టుండి గొంతు చించుకుంది: "ఇయ్యాల నేనే డ్రైవరు! నిన్న నువ్వు సేసేవు గదేటి!" అంటే ఇది రోజూ ఆడుతున్న ఆటే. మేం బల్ల గుద్ది రప్పించలేకపోయిన నవ్వు అక్కడ పొర్లి పొర్లి వస్తోంది.

అంతలో నా వెనక ఎవరో దగ్గారు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. బురదలో దిగబడ్డ జీపును వదిలి నడిచి వచ్చిన అసలు ఆఫీసరుగారు! నేను నమస్కారం పెట్టేలోపే మిరపకాయ కర్రపుల్ల ఆయన వైపు తిరిగింది.

"ఏయ్! నువ్వేటి అక్కడ నిలబడిపోనావు? సారొచ్చేత్తన్నారు, లైన్లోకి రా బేగి!"

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, వెళ్ళి పిల్లల వరసలో నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే పెద్దమాస్టారు మెట్ట దిగి రొప్పుకుంటూ వచ్చారు. వరసలో ఆఫీసరు, ఎదురుగా కండువాతో తాను. ఆయన చెయ్యి పైగుండీ దగ్గరే ఆగిపోయింది. మిరపకాయ ఏమాత్రం తొణక్కుండా పుల్లతో నేలమీద కొట్టింది.

"నవ్వండర్రా! సహజంగా!"

పెద్దమాస్టారు నవ్వేశారు. ఇన్నాళ్ళ ప్రాక్టీసు ఊరికే పోతుందా! ఆయన్ని చూసి ఆఫీసరు నవ్వారు, కళ్ళనీళ్ళు వచ్చేలా.

"ఈ ఆట ఎవరు నేర్పారండీ?" అన్నారు తేరుకుని. పెద్దమాస్టారి వేలు చప్పున నా వైపు చూపించింది. "అద్భుతం" అని ఆఫీసరు అనేసరికి ఆ వేలు వెనక్కి తిరిగింది: "ఇద్దరం కలిసే, సార్."

ఉద్యోగాలు నిలబడ్డాయి. కొన్నాళ్ళకు ఇంకో ఉత్తర్వు వచ్చింది: ప్రతి బడిలోనూ శనివారం మూడో పీరియడ్‌లో 'తనిఖీ ఆట' ఆడించి ఫొటోలు పంపాలి. మేం కూర్చుని పాత్రలు పంచిపెట్టబోతే మిరపకాయ మూతి తిప్పింది. "అది మీరాడుకోండమ్మా. మాకు రైలుంది." చూస్తే నిజంగానే ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మా లోయలో తిరిగే కిరండూల్ రైలు కూత పెడుతూ కాఫీ చెట్ల సొరంగాల్లోకి వెళ్ళిపోతోంది. పెద్దమాస్టారు కాసేపు వరండాలో నిలబడి చూశారు. తరవాత ఏమనుకున్నారో, బీరువా తాళం తీసి పెట్టెను పిల్లల మధ్య పెట్టేసి వచ్చారు. ఏనుగులు రైలెక్కాయి. రెండు రోజుల్లో ఒక దానికి తొండం విరిగింది. అయినా బీరువాకు మళ్ళీ తాళం పడలేదు.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో టీచర్లకు ఆట గురించి ట్రైనింగులిస్తున్నాను. మైకు, తెర, మధ్యలో టీ, అన్నీ ఉంటాయి. మొన్న ఇంట్లో మా పాప మంచం కింద దూరి చెంచాలతో ఏదో పెద్ద వ్యవహారం నడుపుతోంది. ఒక చెంచాకు జ్వరమట, ఇంకోటి అలిగిందట. నేను వంగి, మహా ఆసక్తిగా, "ఏం నేర్చుకుంటున్నావమ్మా?" అన్నాను. "జరుగు, వెలుగు రావట్లేదు" అంది. జరిగాను. జ్ఞానం మూటతో కొండెక్కి, ఆనందం కింద గీత గీసిన ఆ పిల్ల టీచరు గుర్తొచ్చి, పాపకు వినపడకుండా కాసేపు నవ్వుకున్నాను.