ఇరవై మూడున్నర అంగుళాలు

ఎడమ బొటనవేలు టేపు సున్నా మీద, కుడిచెయ్యి దోసె అవతలి అంచు మీద. ఆత్మకూరు బస్టాండు హోటల్లో వరదయ్య సారును అలా చూడటం నాకు కొత్త కాదు.

"పోయిన నెల పద్నాలుగు అంగుళాలుండె. ఇప్పుడు పదమూడుంబావు. ఏంది కత?"

"పెనం అదే సార్. మాస్టర్ మారినాడు," అన్నాడు సర్వరు.

"మనిషి మారితే కొలత మారకూడదు."

వరదయ్య సారుకు ఉన్న పిచ్చి అదొక్కటే, కంటబడినదాన్నల్లా కొలవడం. సోమశిల డ్యాము పనుల్లో పదిహేనేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. రిటైరయ్యాక కొలవడానికి డ్యాము లేక మా ఉదయగిరి మీద పడ్డాడు. పెళ్ళికి వస్తే దండ కొలిచేవాడు. కుక్క ఈనితే పిల్లల్ని వారం వారం కొలిచి పుస్తకంలో రాసేవాడు.

మనుషుల్ని కొలిచినప్పుడే నాకు చిక్కు. నేను వడ్రంగిని. తలుపులు, మంచాలతో పాటు చర్చివాళ్ళకు శవపెట్టెలు కూడా చేస్తాను. సారు ఎవరి మీద టేపు వేసినా వాళ్ళు నా వంక చూసేవాళ్ళు. ఒకసారి శెట్టి వెంకటరమణయ్య కొట్లో కూర్చునే తెల్లబోయాడు.

"ఏంది వెంగయ్యా, నాకేనా?"

"నాకింకా ఆర్డరు రాలేదు శెట్టిగారూ," అన్నాను.

అలాంటి మనిషి ఒక సాయంత్రం లిదియమ్మ టీచరు ఇంటికి వెళ్ళి ఆమె కుర్చీ కింద టేపు పెట్టాడు. లిదియమ్మ మా వీధి చర్చిలో నలభై ఏళ్ళు ఆర్గన్ వాయించింది. దొరలు వదిలిపోయిన పాత వాద్యం అది. రెండు కాళ్ళతో ఆపకుండా తొక్కితేనే గాలి ఆడి పలుకుతుంది. మోకాళ్ళు పట్టేశాక ఆమె వాయించడం మానేసింది, ఆ వెంటనే చర్చికి రావడమూ మానేసింది. "వాయించకుండా ఆడ యాడ కూర్చోవాల్నో నాకు తెలీదు," అనేది. కాళ్ళు వంగవు కాబట్టి ఇంట్లో కుర్చీ కింద ఇటుకలు పెట్టించుకుని ఎత్తున కూర్చునేది.

"ఇటుకలతో కలిపి ఇరవై మూడున్నర," అని రాసుకున్నాడు సారు.

"ఏంరా వరదయ్యా, నా పెట్టెకా? కూర్చున్న మనిషిని కొలిస్తే పొడుగు ఎట్ట తెలుస్తాది? పడుకున్నాక రా."

"ఊరికే టీచరమ్మా."

కిటికీ రెక్క బిగించడానికి వచ్చిన నేను అక్కడే ఉన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాతి వారమే ఆయన చర్చికి పియానో కొంటానన్నాడు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది అది. ఆత్మకూరులో పెంచలప్రసాద్ తన ఎస్.టి.డి. బూత్‌లో కంప్యూటర్ పెట్టి, నెల్లూరుకు ఫోను కలిపి ఇంటర్నెట్ చూపించేవాడు. అందులో బెంగుళూరు ఆవిడెవరో తన పాత పియానో వేలానికి పెట్టింది.

"పియానో ఎందుకు సార్, కరెంటు కీబోర్డు చాలదా?" అని అడిగాను.

"ఆదివారం పూట కరెంటు యాడుండాది?"

"చేతి హార్మోనియం?"

"ఒక చెయ్యి గాలికే పోతాది. చాలదు."

వేలంలో మిగతావాళ్ళు పియానో ఎంత పాతది, సౌండ్ ఎలా ఉంది అని రాశారట. ఈయన నాలుగు ఉత్తరాలు రాయించాడు. నాలుగూ అంగుళాల గురించే.

"సార్, ఆమె జవాబిచ్చింది," అన్నాడు ప్రసాద్. "వేళ్ళతో నొక్కే మెట్ల కింద ఎంత ఖాళీ ఉండాదని అడుగుతున్నారు, మీ ఇంట్లో పిల్లి పడుకోవాల్నా అంటా ఉండాది."

"పిల్లి లేదని చెప్పు. కొలత పంపమను."

వేలం సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. మేకులు కొనడానికి ఆత్మకూరు వెళ్ళిన నేను బూత్‌లో చిక్కుకుపోయాను.

"పది నిమిషాలే సార్. రేటు కొట్టేదా?"

"కొలత రానీ."

"ఎవడో మనకన్నా ఎక్కువ పాడినాడు సార్."

"పాడనీ. సరిపోని దాన్ని కొని ఏం చేసేది?"

మూడు నిమిషాలుందనగా జవాబు వచ్చింది. నేల నుంచి మెట్ల అడుగు దాకా ఇరవై నాలుగు. సారు కళ్ళు మూసుకుని లెక్క వేశాడు. "నాలుగంగుళాలు లేపితే చాలు. కొట్టు." ప్రసాద్ కొట్టాడు. అంతే, లైను తెగిపోయింది. మళ్ళీ కలపబోతే ఫోను ఎంగేజ్. అంతసేపూ సారు ప్రసాద్ టేబుల్‌ని కొలుస్తూనే ఉన్నాడు, ఒకే అంచుని, నాలుగుసార్లు. ఐదూ పదికి లైను కలిసింది.

"మనదే సార్," అన్నాడు ప్రసాద్.

సారు టేపు వదిలేశాడు. అది చుట్టుకుపోతూ ఆయన వేలిని కోసింది. ఆయన చూసుకోలేదు.

పియానో లారీలో దిగింది. చర్చి తలుపులో వేలెడు సందుతో దూరింది. మద్రాసు నుంచి వచ్చిన మనిషి రెండు రోజులు కూర్చుని తీగలు సరిచేశాడు. సారు నాకు రెండు పనులు చెప్పాడు. పియానో కిందికి నాలుగంగుళాల దిమ్మెలు, ముందు ఇరవై మూడున్నర అంగుళాల స్టూలు.

"అంత ఎత్తున ఎవురు కూర్చుంటారు సార్, ఒంటెనా?"

"చెప్పింది చెయ్యి."

స్టూలు కాలుకు చిత్రిక పడుతుండగా ఆ అంకె నా చేతుల్లో ఆగింది. ఇటుకలతో కలిపి ఇరవై మూడున్నర. ఆర్గన్‌ను ఎంత ఎత్తు లేపినా కాళ్ళతో తొక్కక తప్పదు. పియానో అయితే కాళ్ళు కదపకపోయినా పలుకుతుంది. ఇన్నేళ్ళూ ఆ టేపును చూసి నవ్వినవాణ్ణి, ఆ రోజు చిత్రిక పక్కన పెట్టి ఆ కాలును నేనే మళ్ళీ కొలిచాను.

సాయంత్రం సారు వచ్చినప్పుడు, ఇదంతా టీచరమ్మ కోసమేనా అని అడిగేశాను. ఆయన స్టూలు కాలు తడుముతూ చెప్పాడు.

"మూడో తరగతిలో నేను స్కేలు కొస నుంచి కొలిచేవాణ్ణి. అన్నీ తప్పే. నా బొటనవేలు పట్టుకోని సున్నా మీద పెట్టింది ఆమేరా."

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు లిదియమ్మ నా భుజం పట్టుకుని చర్చిలోకి వచ్చింది. సారు అప్పటికే స్టూలు దగ్గర వంగి ఉన్నాడు.

"ఇరవై నాలుగుండాది వెంగయ్యా. అర అంగుళం ఎక్కువ."

"తెలుసు సార్. కూర్చోండి టీచరమ్మా."

ఆమె కూర్చుంది. కొత్త దూది మెత్త ఆమె కింద మెల్లగా అణిగింది. సారు మోకాళ్ళ మీద పాకి మళ్ళీ టేపు పెట్టాడు. ఇరవై మూడున్నర. తల ఎత్తి నా వంక చూశాడు. "పని వచ్చురా నీకు," అన్నాడు. నా చేతి పనికి అంత కూలి మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

లిదియమ్మ రెండు చేతులూ మెట్ల మీద పెట్టి చూసుకుంది. కింద కాళ్ళు చాపుకుని హాయిగా ఉన్నాయి.

"నా పెట్టెకు కాదన్నమాట ఆ కొలతలు," అంది.

"కాదు టీచరమ్మా."

"అయితే లేచి పక్కకు జరుగురా వరదయ్యా. నేను వాయించుకోవాల."

ఆయన లేచి జరిగాడు. టేపు స్టూలు కిందే ఉండిపోయింది. ఆ ఆదివారం దాకా దాని కోసం రాలేదు.