చివర పెట్టని నల్లగడి

“ఆ నల్లగడి నా మాటల చివర కూడా పెట్టు పాపా.”

“ఇప్పుడే పెట్టకూడదు పెద్దమ్మా. నీ మొదటి మాటనే వాళ్లు ఒప్పుకోలేదు కదా.”

అంతే, గోరంట్లలో ఆ పిల్ల బస్సు దిగిపోయింది. పేరు కూడా అడగలేదు నేను. నాకు సంతకం మాత్రమే వచ్చు; ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు సుజాత.

కదిరి నుంచి ఆ పిల్ల నా పక్కనే కూర్చుని లెక్కలు రాసుకుంటోంది. అంకెలు తక్కువ, గుర్తులే ఎక్కువ. ఇదేం లెక్క అన్నాను.

“ఈ అక్షరం ఏ సరిసంఖ్యకైనా గుర్తు పెద్దమ్మా. అది సరిసంఖ్యేనని ముందు ఒప్పుకుంటాం. ఆడి నుంచి ఒక మాట వెనక ఒక మాట పోతే, దాన్ని దానితోనే గుణించినా సరిసంఖ్యే వస్తాదని తేలతాది. తేలినాక చివర ఈ నల్లగడి పెడతాం. ఇంక ఎవురూ కాదనలేరు.”

“అట్లయితే నాదీ విను. నా మొగుడు కౌలురైతు. వాన రాలేదు. చెనిక్కాయ పంట ఎండిపాయె. ఆ చేన్లోనే పురుగులమందు తాగినాడు. ఇందులో యాడ తప్పింది?”

“యాడా తప్పలేదు. ఆఫీసుల్లో వాళ్లేమంటారు?”

“రైతే కాదంటారు. కడుపునొప్పితో పోయినాడని రాసుకున్నారు.”

మా కౌలు, భూమిగల ఆసామి ఆకూవక్కా చేతిలో పెట్టి, కాగితం లేకుండా నోటిమాటతో ఇచ్చింది. ఆ చేను తానే చేసుకున్నానని ఆసామి ఇప్పుడు చెబుతున్నాడు. ఆ పిల్ల పుస్తకం మూసేసింది. నేను గడి పెట్టమని అడిగింది అప్పుడే.

ఇప్పటికీ పరిహారం కోసం ఏ ఆఫీసుకు పోయినా ఆ మొదటి మాట దగ్గరే నన్ను ఆపేస్తారు.

సుజాతా, చివర గడి పెట్టొద్దు. ‘నా మొగుడు కౌలురైతు’ అన్న కాడ నుంచి ఒకసారి చదివి వినిపించు.