ఎవరూ లేని వీడియో

మా చెల్లి మేముండే హిందీ ఊరు ఉస్లాపూర్‌లో మా అద్దె ఇంటి ముందు గదిలో పిల్లలకు లెక్కలు చెప్పేది. భిన్నాల దగ్గర ఏ పిల్ల ఎక్కడ తడబడుతుందో దానికి ముందే తెలిసిపోయేది. బడులు మూసేసిన కరోనా రోజుల్లో బోర్డు ముందు నిలబడి హిందీలో పాఠాలు చెప్పి, నా చేత ఫోన్లో తీయించి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. బడులు తెరిచాక కూడా ఆపలేదు.

నిరుడు ఆ పాఠాల్లోంచి ఎవరో దాని ముఖం, గొంతు తీసుకుని బట్టల్లేకుండా ఒళ్లంతా కనిపించే వీడియో ఒకటి తయారుచేశారు. అది ముందుగా చేరింది పిల్లల తల్లిదండ్రుల గ్రూపులోకే. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒకరు ఊరెళ్తున్నామన్నారు, ఒకరు పాపకు ఒంట్లో బాగోలేదన్నారు. పది రోజుల్లో ముందు గది ఖాళీ అయింది.

పోలీసులు ఫిర్యాదు తీసుకుని, సమయం పడుతుందన్నారు. అప్పుడు నేనే చెల్లిని ఒక నాయకుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఇలాంటి వాటికి నియమాలు ఆలోచించే కమిటీలో ఆయన ఉన్నారని విన్నాను. చెల్లి వద్దంది. నేను వినలేదు.

ఆయన పెద్దాయన, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించారు. నేను చెప్పిందంతా విని, చూడందే అర్థం కాదన్నారు. గదిలో ఇంకో ముగ్గురు మగవాళ్లు ఉన్నారు. నేను ఏదో అనబోయేలోపే చెల్లి తన ఫోన్ తీసి ఆయన చేతికిచ్చి, తల దించుకుంది. ఆ ముగ్గురూ ఆయన భుజం మీదుగా వంగి చూశారు. ఆయన సగంలోనే ఆపేశారు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది.

"ఇది నువ్వు కాదంటున్నావు బేటీ. మరి ఈమె ఎవరు?" అని హిందీలో అడిగారు.

"ఎవరూ కాదండీ. కంప్యూటర్ తయారుచేసింది," అంది చెల్లి.

"ఎవరూ లేకుండా ఎలా ఉంటుంది? మనిషి కనిపిస్తోంది కదా. ఆమెను పట్టుకుంటే నీ మీద మచ్చ పోతుంది."

నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన శ్రద్ధగా తలూపి, ఆ ఆడమనిషిని వెతికించమని పక్కనున్న వ్యక్తికి చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెల్లి మెల్లగా అంది. "ఏటక్కా ఇది. నేను కాదని ఆయన నమ్మాలంటే, ఇంకో ఆడది దొరకాలట."

కొన్ని నెలల తర్వాత ఆయన ఒక సభలో మాట్లాడిన వీడియో మా ఫోన్లకు వచ్చింది. పేరు చెప్పకుండా మా సంగతే చెప్పారు. ఆడపిల్లలు ముఖం కనిపించే వీడియోలు పెట్టాలంటే ఇంట్లో పెద్దల అనుమతి తప్పనిసరి చేయాలని కమిటీని కోరతానన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మేం చెప్పిన దాంట్లోంచి ఆయనకు అర్థమైంది అదీ.

చెల్లి చివరిదాకా విన్నది. ఆ మధ్యాహ్నమే కూర్చుని తన పాఠాలు ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. ఆగమని చేయి పట్టుకున్నాను.

"తీసెయ్యనీ అక్కా. ఆ దొంగ వీడియో తీసెయ్యడం ఎవరి వల్లా కాలేదు. ఇవైతే నా చేతిలో ఉన్నాయి," అంది.

సాయంత్రానికి ఒక్కటీ మిగలలేదు. ఆ రోజు దాన్ని ఆ నాయకుడి దగ్గరకు తీసుకెళ్లకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. దానితో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేకపోయాను.

ఇప్పుడది మా ఊరి దగ్గరే తిఫ్రాలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో, వెనక గదిలో, లారీల కాగితాలు చూస్తోంది. పోయిన నెల కోటా నుంచి ఒకావిడ నా నంబరుకు ఫోన్ చేసింది. పాఠాల కింద ఆ నంబరే ఉండేది. తన కూతురు ఆ పాఠాలే చూసి నేర్చుకునేదని, ఇప్పుడు కనిపించడం లేదని, మేడమ్ మళ్లీ ఎప్పుడు చెబుతారని అడిగింది. పక్కనే ఉన్న చెల్లి అడ్డంగా తలూపింది. మేడమ్ ఇక చెప్పడం లేదని చెప్పి పెట్టేశాను.

కాసేపయ్యాక చెల్లి అడిగింది. "ఆ పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిపోనాదట అక్కా?"

నేను అది అడగలేదు.