రెండు నిమిషాలు మాట్లాడలేదని

జెబాకి ఇంగ్లీషు రాదట! ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. పిడుగురాళ్ల హైస్కూల్లో ఐదేళ్ళు ఆ పిల్లకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి నేనే. తర్వాత ఇంజనీరింగ్ కూడా ఇంగ్లీషులోనే చదివి కాలేజీ ఫస్టు వచ్చింది. ఐర్లాండులో ఒక యూనివర్సిటీ స్కాలర్‌షిప్పుతో సీటిస్తానంది. కాకపోతే జూన్ ఆఖరులోగా పరీక్ష రాసి, ఇంగ్లీషు వచ్చని రుజువు చేసుకోవాలి. ఏ భాగంలోనూ తొమ్మిది మార్కులకి ఆరుకన్నా తగ్గకూడదు.

చదవడం, రాయడం, వినడం మూడింటిలోనూ ఏడు దాటింది. మాట్లాడటంలో మాత్రం ఐదున్నర. ఆ అర కోసం సీటు ఆగిపోయింది.

"ఏందే వాళ్ళు అడిగింది?" అన్నాను.

"సెలవలకి పోయి సంతోషంగా గడిపిన చోటు గురించి రెండు నిమిషాలు చెప్పమన్నారు సార్. మా నాన్న సున్నం బట్టీలో పనిచేస్తాడు, మేం సెలవలకి యాడికీ పోలేదని చెప్పా."

"తర్వాత?"

"ఇంకేం చెప్పాలి సార్? ఆపేశా."

పెద్దవాళ్ళ ముందు అడిగినంతే చెప్పాలి, వాగకూడదని బెత్తం పట్టుకుని నేర్పింది నేనే. మా దగ్గర దాన్ని మర్యాద అంటారు. ఆ పరీక్షవాళ్ళు దాన్ని ఇంగ్లీషు రాకపోవడం అంటారు! ఒక్క తప్పు లేకుండా నిజం చెప్పిన పిల్లకి మార్కులు కొయ్యడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయి? అందరూ సెలవలకి ఊళ్ళు తిరుగుతారని ఆ ప్రశ్న రాసిన మహానుభావుడికి ఎవరు చెప్పారు? సున్నం బట్టీకి సెలవలుంటాయా?

గడువులోపు ఇంకోసారి రాయొచ్చన్నారు. రోజూ ఇంటికి పిలిపించి, "చెప్పడానికేం లేకపోతే కల్పించి చెప్పు, వాళ్ళు ఆపమనేదాకా ఆపకు" అని నేర్పాను. అరవై ఏడేళ్ళ వయసులో ఒక ఆడపిల్లకి అబద్ధాలాడటం నేర్పాను.

ఈసారి మరిచిపోలేని ప్రయాణం గురించి చెప్పమన్నారట. చిన్నప్పుడు నాన్నతో సూర్యలంక సముద్రానికి పోయినట్టు, ఆయన తనని భుజాలమీద ఎక్కించుకుని అలల్లోకి తీసుకెళ్ళినట్టు, కాల్చిన మొక్కజొన్న కొనిపెట్టినట్టు ఆపకుండా చెప్పింది. ఏడున్నర వేశారు. సీటు ఖాయమైంది.

ఆ సాయంత్రం తండ్రి సుభానీని వెంటబెట్టుకుని స్వీట్లతో మా ఇంటికి వచ్చింది. పరీక్షలో చెప్పిన కథంతా నవ్వుతూ తెలుగులో మళ్ళీ చెప్పింది. నేనూ నవ్వాను. సుభానీ నవ్వలేదు. సున్నానికి పగిలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూతురివైపే చూశాడు.

"సముద్రం చూడాలనుందని ఒక్కసారి నన్నడిగితే, తీసకపోయేవాణ్ణి గదమ్మా," అన్నాడు.