చుక్కల పిన్నికి దొరికిన డ్రైవరు

అంధుల బడిలో పిల్లలందరూ ఆవిడను చుక్కల పిన్ని అంటారు. మందపాటి కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు పొడిచే బ్రెయిలీ ప్రింటరును నడిపేది ఆవిడే మరి. పాఠాలు, కథలు, పరీక్ష పేపర్లు, బస్సుల వేళలు, ఏది కావాలన్నా మెట్ల పక్కనున్న ఆవిడ గదికే వస్తారు.

ఈ పనికి ఆవిడ కావాలని రాలేదు. ఇరవై ఏళ్ళు ఒక వకీలు దగ్గర టైపు కొట్టింది. ఆయన పోయాక ఆఫీసు మూతపడింది. నలభై ఆరేళ్ళ మనిషికి ఎవరు పనిస్తారని దిగులుపడి కూర్చుంటే, అక్క ఊరుకోలేదు. వెంటపడి మరీ బడికి దరఖాస్తు పెట్టించింది.

మొదటిరోజు ప్రింటరు మోత వినగానే ఆవిడ చెవులు మూసుకుంది. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది ఆ చప్పుడు. అందుకే దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, లోపల స్పాంజి అంటించి, గది తలుపుకు ఒక పాత దుప్పటి వేలాడదీశారు.

ఆ గదిలో రెండో కుర్చీ ప్రూఫు మాస్టారిది. పుట్టుకతోనే చూపు లేని మనిషి. అచ్చయిన ప్రతి కాగితమూ ఆయన వేళ్ళ కింద నుంచి వెళ్ళాల్సిందే. "మూడో వరుసలో ఒక చుక్క సరిగ్గా లేవలేదు, మళ్ళీ తియ్యమ్మా" అనేవారు మెల్లగా. విసుగన్నది ఆ గొంతులో ఎప్పుడూ వినపడలేదు. కాగితం అంచుల్లోని కన్నాలు పళ్ళచక్రం మీద సరిగ్గా కూర్చోకపోతే ప్రింటరు చప్పుడు ఈడ్చినట్టు వస్తుందనీ, ముందు చెవితో విని తరువాత మూత తెరవాలనీ ఆవిడకు నేర్పింది ఆయనే. ఆరు నెలలు తిరిగేసరికి కాగితం ఇరుక్కున్నా, చుక్క లేవకపోయినా ఆవిడే చక్కబెట్టుకునేది.

ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షలకు నాలుగు రోజుల ముందు బడిలో కంప్యూటర్లన్నీ మార్చారు. కొత్తవి బిగించిన మనిషి గంటలో పని ముగించి వెళ్ళిపోయాడు. ఆవిడ లెక్కల పేపరు తెరిచి ప్రింటు నొక్కింది. ప్రింటరు ఒక కాగితం మీద నాలుగు వరుసలు పొడిచి, దాన్ని బయటికి తోసేసింది. తరువాతి కాగితం మీద రెండే వరుసలు. ఆ తరువాత ఒక్కటి. ఆపుదామంటే ఆగదు. ముప్పై కాగితాలు నేలపాలయ్యాక ప్లగ్గు పీకేసింది. మళ్ళీ పెట్టగానే వదిలిన చోటు నుంచి అందుకుంది.

"పట్టపగలే చుక్కలు చూపిస్తోంది మాస్టారూ" అంది నీరసంగా.

"దాని పనే అది కదమ్మా" అన్నారాయన. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

మర్నాటికి నవ్వు ఎగిరిపోయింది. కేబుల్ మార్చింది, కాగితం మార్చింది, అన్నీ ఆపి మళ్ళీ పెట్టింది. ప్రింటరు అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే అవతలి అమ్మాయి, "డ్రైవర్ మారిందేమో చూడండి మేడమ్" అంది.

"మా వ్యాన్ డ్రైవరా? లేదే, పదేళ్ళ నుంచీ ఆయనే ఉన్నాడు" అంది ఆవిడ.

అవతల నవ్వు ఆపుకుంటున్నట్టు వినిపించింది. ఇంతలో లైను కట్టయింది. మళ్ళీ కలవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ నేలమీది చెత్తకాగితాలు ఏరుతూ, ఈ పని తనవల్ల కాదని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పేద్దామని నిశ్చయించుకుంది. వకీలు ఆఫీసులో టైపుమిషన్ చెడితే మెకానిక్ వచ్చేవాడు. ఇక్కడ ఇరవై రెండు మంది పిల్లల పరీక్ష తన నెత్తిన ఉంది.

"ఆ కాగితాలు ఇలా ఇయ్యమ్మా" అన్నారు మాస్టారు.

"అంతా చెత్తే మాస్టారూ, లెక్కలు కావు."

"ఏదైనా సరే, చదవకుండా పారేయడం నాకు అలవాటు లేదు."

ఆయన వేళ్ళు కాగితం మీద నడిచాయి. ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాయి. "ఇవి ఇంగ్లీషు మాటలమ్మా. కాగితం సైజు ఇంత, కాపీ ఒకటి, ఇంకు ఎంత చిక్కగా పడాలి... మన ప్రింటరుకు ఇంకేమిటి?"

ఆవిడ కాగితాలు ఏరడం ఆపింది. "ఇంకు ఉన్నది ఆఫీసు గదిలోని ప్రింటరుకే."

"మరి కంప్యూటరు దానితో మాట్లాడుతున్నాననుకుంటోంది. అది చెప్పే ఆదేశాలు మన ప్రింటరుకు అర్థంకాక, ఆ మాటల్నే అచ్చు వేస్తోంది. మధ్యలో దుబాసీ ఎవడో తప్పు మనిషి."

అప్పుడు తట్టింది ఆవిడకు, ఫోనులో అమ్మాయి అడిగిన డ్రైవరు ఎవరో. కంప్యూటరు మాటను ప్రింటరుకు తెలిసే భాషలో చెప్పేవాడే డ్రైవరన్నమాట. ఒక్కో ప్రింటరుకు ఒక్కో దుబాసీ. బిగించిన మనిషి హడావిడిలో రెండు గదులకూ ఒకడినే పెట్టి పోయాడు.

ఆవిడ టార్చి పట్టుకుని చెక్కపెట్టె వెనక దూరి, ప్రింటరు వీపున ఉన్న మోడల్ నంబరు రాసుకుంది. ముందుగా కంప్యూటరులో అచ్చుకోసం వరుసకట్టి ఇరుక్కుపోయిన పాత పనులన్నీ తుడిచేసింది. తప్పు డ్రైవరును తీసేసి, కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరుకు సరిపోయేదే వెతికి ఎక్కించింది. మళ్ళీ ప్రింటు నొక్కింది.

వడగళ్ళ వాన మొదలైంది. మాస్టారు తల ఒక పక్కకు వంచి విన్నారు. కాగితం అందుకుని, "మొదటి లెక్క... ఆరు బుట్టల్లో..." అని చదివి ఆగారు. "లెక్కలే వచ్చాయమ్మా. కానీ కుడివైపు ఒక్కో వరుసలో నాలుగైదు అక్షరాలు తెగిపోతున్నాయి."

వరుసకు ఎన్ని గళ్ళు, అంటే ఎన్ని బ్రెయిలీ అక్షరాలు పట్టాలో, ఆ లెక్క సెట్టింగులో ఎక్కువ పడి ఉంది. దాన్ని తగ్గించాక తీసిన కాగితాన్ని ఆయన చివరి చుక్క దాకా చదివి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం మామూలుగా ఉంచుకుంది.

"ఇవాళ పని మానేద్దామనుకున్నాను మాస్టారూ. మీరు నిలబెట్టారు."

"నేను చదివానంతే. పెట్టె వెనక దూరింది నువ్వు."

పరీక్ష రోజున ఆవిడ హాలు గుమ్మం దగ్గర నిలబడింది. ఇరవై రెండు జతల చేతులు కాగితాల మీద కదులుతుంటే ఎండుటాకులు మెల్లగా జరిగినట్టు చప్పుడు. ఆఖరి వరుసలో ఒక పిల్ల లెక్క తెలిసిపోయిందేమో, తనలో తాను నవ్వుకుంటోంది. ఆవిడ అక్కడి నుంచి చాలాసేపు కదల్లేకపోయింది. ఇంటికెళ్ళి అక్కకు కాఫీ కలిపి ఇచ్చింది. "ఏమిటివాళ ఇంత మర్యాద?" అని అక్క అనుమానంగా చూసింది. "ఆ దరఖాస్తు పెట్టించినందుకు" అంది ఆవిడ.

ఇది జరిగి పదకొండేళ్ళు. ఇప్పుడు బడిలో ఏ గదిలో ప్రింటరు మొరాయించినా ముందు చుక్కల పిన్నినే పిలుస్తారు. వెళ్ళగానే ఆవిడ అడిగే మొదటి మాట, "అది ఏం అచ్చువేసిందో చూశారా?" చాలామంది చూసి ఉండరు, చింపి పారేసి ఉంటారు. ఆవిడ బుట్టలోంచి తీసి సాపుచేసి చదువుతుంది.

మాస్టారు పని మానేసి రెండేళ్ళయింది. బుధవారం సాయంత్రాలు ఆవిడ ఆయన ఇంటికి కొత్త కథల కాగితాలు పట్టుకెళుతుంది. ఆయన చదువుతుంటే ఎదురుగా కూర్చుని, మాటల మధ్యలో ఎక్కడో ఒకచోట, ఆ రోజు మీరు లేకపోతే నేనేమయ్యేదాన్నో అంటుంది.

"ఎన్నిసార్లు చెబుతావమ్మా?" అంటారాయన, కాగితం మీది నుంచి చెయ్యి తీయకుండానే.

"ఇంకా చెప్పడం అయిపోలేదు మాస్టారూ" అంటుంది ఆవిడ.