కరెంటు బిల్లు మీద పన్నెండు మాటలు

మా ఇంట్లో లామినేషన్ చేయించనిది అన్నం ఒక్కటే అని మా ఆయన అనేవారు. అది నిజం కాదు. ఆయన పాటల పుస్తకానికి కూడా చేయించలేదు, ఎందుకంటే అది ఆయన చేతిలోంచి బయటికి వచ్చేది కాదు. మిగతావన్నీ చేయించాను. ఆధార్, రేషన్ కార్డు, నా పదో తరగతి మెమో, ఇంటి పన్ను రసీదు, అత్తమ్మ కంటి ఆపరేషన్ చీటీ. ఇరవై ఆరేళ్ళుగా లెక్కల టీచర్ని. కాగితం చిరిగినవాళ్ళు ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతారో చాలామందిని చూశాను.

ఆయన ఆసిఫాబాద్ పశువుల దవాఖానాలో కాంపౌండర్. ఆదివారం చర్చిలో హార్మోనియం. ఆరాధనకు ముందు, ఆ రోజు పాడబోయే పాటల నంబర్లను గోడ మీది చెక్క బోర్డుకు తగిలించడం కూడా ఆయన పనే. ఆ పనికి జీతం లేదు కాబట్టి దవాఖానా పని కన్నా శ్రద్ధగా చేసేవారు.

మా వీధి చివర మొబైల్ షాపు నడిపే భాయ్ ఆయనకు దోస్తు. సాయంత్రం ఇద్దరూ చాయ్ తాగుతూ ఫోన్లు విప్పుకుని కూర్చునేవారు. అలాంటి ఒక సాయంత్రం ఆయన ఫోన్‌లో క్రిప్టో వాలెట్‌తో ఇంటికి వచ్చారు. పేపర్లో చదివిన మోసాలన్నీ వరసగా ఏకరువు పెట్టాను. ఆయన శాంతంగా విని, తాను పెట్టింది ఒక నెల పాల డబ్బులని చెప్పారు. ఆయన కొన్న డిజిటల్ నాణెం పేరు ఎవరూ విననిది. దాని ధర పెరిగిందో తగ్గిందో ఆయన ఏనాడూ చూసుకోలేదు.

ఆయనకు నచ్చింది వేరే ఉంది. ఆ వాలెట్‌లో ఏదైనా పంపిన ప్రతిసారీ పక్కన ఒక చిన్న గడి వస్తుంది. అందులో గమనిక రాసుకోవచ్చు. ఆయన అందులోనే రెండు ఖాతాలు తెరిచారు. ఎడమ జేబులోంచి కుడి జేబులో వేసుకున్నట్టు ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి రవ్వంత పంపి, ఆ గడిలో ఏదో రాసేవారు. పంపిన ప్రతిసారీ పైసో అర పైసో ఫీజు పోతుంది. డైరీ రాయడానికి టోల్ కట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఏం రాస్తున్నారని అడిగితే నవ్వేవారు.

"రిటైర్ అయినంక ఫోన్ నీ చేతుల పెడ్త పంతులమ్మా. తీరిగ్గ కూసోని సదువుకో."

ఇక్కడ నా పాట సంగతి చెప్పాలి. నాకు గొంతు లేదు. ఆ విషయం నాకూ తెలుసు, మొత్తం సంఘానికీ తెలుసు. అయినా సాయంత్రం పొయ్యి ముట్టించగానే ఒక పాట నోట్లోకి వచ్చేస్తుంది. కోతల పండుగకు పాడే పాట. ఎప్పుడూ అదే. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి శ్రుతి తన దారిన తను పోతుంది, నేను నా దారిన పాడుకుంటాను. నేను అందుకోగానే ఆయన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఒకసారి నిలదీశాను. గాలికి పోతున్నానన్నారు. మా ఇంట్లో ఫ్యాన్ ఉన్నది వంటింట్లోనే.

సంగీతం తెలిసిన మనిషి, భరించలేక పోతున్నారని అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకున్నాను కానీ క్షమించలేదు. ఆయన వరండాలో ఉన్నంతసేపూ కావాలనే ఇంకాస్త గట్టిగా పాడేదాన్ని.

తర్వాత కరీంనగర్‌కు బదిలీ అయ్యాం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళు ఉండగా ఒక మధ్యాహ్నం డ్యూటీలోనే ఆయన గుండె ఆగిపోయింది. అందరూ నేను ఏడవలేదన్నారు. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఫోన్ చేతిలో పెడతానని మాట ఇచ్చిన మనిషి.

జ్ఞాపకార్థ కూడిక అయిపోయాక ఆయన కాగితాలన్నీ ఒకచోట చేర్చాను. పాటల పుస్తకంలో మడతపెట్టిన కరెంటు బిల్లు ఒకటి దొరికింది. మీటరు చూసే మనిషి మిషన్‌లోంచి చింపి ఇచ్చే పొడుగాటి కాగితం. వెనక కరెంటు పొదుపు సూచనలు అచ్చేసి ఉన్నాయి కాబట్టి, ముందువైపే కింది ఖాళీలో ఆయన పన్నెండు ఇంగ్లిష్ మాటలు రాసుకున్నారు. ఒకటి నిచ్చెన, ఒకటి ఉల్లిగడ్డ, ఇంకొకటి గొడుగు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. రిటైరయ్యాక ఇంగ్లిష్ నేర్చుకుందామనుకున్నారేమో అనుకున్నాను. ఆయన చేతిరాత కదా. మరణ ధ్రువీకరణ పత్రం, పెన్షన్ కాగితాలతో పాటు దాన్నీ లామినేషన్‌కు ఇచ్చాను.

ఆ బిల్లు కాగితానికి వేడి తగిలితే నల్లబడుతుందట. ఆ మాట షాపతను మిషన్‌లోంచి అది బయటికి వచ్చాక చెప్పాడు. లోపలికి వెళ్ళింది బిల్లు, వచ్చింది పలక. నీట్‌గా, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించిన నల్లటి పలక. దానికీ డబ్బులు తీసుకున్నాడు. డబ్బులిచ్చాను కాబట్టి పారేయలేదు.

ఇక ఫోన్. దాని లాక్ నాకు తెలుసు, మా ఇంటి నంబరే. కానీ లోపల వాలెట్ తెరవబోతే వేరే పాస్‌వర్డ్ అడిగింది. పెళ్ళి తేదీ కొట్టాను. పుట్టిన తేదీలు కొట్టాను. అత్తమ్మ పేరు, మా ఆసిఫాబాద్ ఇంట్లో పెరిగిన కుక్క పేరు కూడా కొట్టాను. కుక్కకే అవకాశం ఎక్కువనుకున్నాను, అదీ కాలేదు. ఆ గళ్ళలో ఏం రాశారో ఒక్కసారి చదవాలి. నాకు కావలసింది అంతే. అందులో ఉన్న డబ్బు నెల పాలకు కూడా వస్తుందో రాదో.

స్టాఫ్ రూములో ఒక మేడమ్ సలహా ఇచ్చింది. ఏ యాప్ మొరాయించినా తీసేసి మళ్ళీ వేసుకుంటే దారికి వస్తుందట. ఆమె గ్యాస్ బుకింగ్ యాప్ అలాగే దారికొచ్చింది. నేనూ తీసేసి మళ్ళీ వేశాను. నిజంగానే పాస్‌వర్డ్ అడగడం మానేసింది. దానికి బదులు, కొత్త వాలెట్ కావాలా, లేక పన్నెండు మాటలతో పాతది తెచ్చుకుంటారా అని అడిగింది.

పన్నెండు మాటలు. లేచి వెళ్ళి అల్మారాలోంచి నల్ల పలక తీసుకొచ్చి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. నన్ను నేను ఏమేం తిట్టుకున్నానో ఇక్కడ రాయను, టీచర్ని.

భాయ్ అప్పటికే షాపు ఎత్తేసి వాళ్ళ అత్తగారి ఊరు హుజూరాబాద్‌లో పెట్టుకున్నాడు. శనివారం బడి అవగానే బస్సెక్కాను. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు, మా ఆయన గురించి రెండు మాటలు మాట్లాడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత పన్నెండు మాటలు రాసిన కాగితం ఏదని అడిగాడు. పలక ఇచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దీన్ని గిట్ల ఎవలు చేసిండ్రని అడగలేదు. మంచి మనిషి.

దాన్ని తీసుకుని షాపు ముందు ఎండలోకి వెళ్ళాడు. పలకను ఏటవాలుగా పట్టి రమ్మని సైగ చేశాడు. మా ఆయన పెన్ను గట్టిగా నొక్కి రాస్తారు. ఆ నల్లదనంలో ఎండ పడిన చోట సిరా సన్నగా మెరిసింది. భాయ్ పలకను అంగుళం అంగుళం కదుపుతుంటే నేను ఒక్కో మాటా చదివి రాసుకున్నాను. పోయేవాళ్ళు ఆగి, ఎక్స్‌రేనా అని అడిగారు. భాయ్ అవునన్నాడు. రెండు మాటలు సగమే కనిపించాయి. మొదటి నాలుగక్షరాలు కొడితే చాలు, మిగతాది వాలెట్టే చూపిస్తుందని ధైర్యం చెప్పాడు.

పన్నెండూ కొట్టాం. తెర మీద ఎర్ర చుక్క వచ్చి కూర్చుంది. ఈ రకం వాలెట్ తేలికపాటిదని భాయ్ వివరించాడు. లోకంలో జరిగిన లావాదేవీల చిట్టా మొత్తం అది ఫోన్‌లో మోయదు, ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడిగి మన వరకు తెలుసుకుంటుంది. ఆ సర్వర్ పలకకపోతే ఎర్ర చుక్క. సెట్టింగుల్లోకి వెళ్ళి వేరే సర్వర్ పెట్టాడు. అదీ ఎరుపే. షాపు వైఫై తీసేసి తన ఫోన్ నెట్ ఇచ్చాడు. చుక్క పచ్చబడింది. పచ్చబడి, సున్నా చూపించింది. ఒక్క వరుస కూడా లేదు.

నా మొహం చూసి భాయ్ జర ఆగమన్నాడు. ఇందులో ఖాతాలు పాత పద్ధతి ఒకటి, కొత్త పద్ధతి ఒకటి ఉంటాయట. అవే పన్నెండు మాటలు, కానీ కొత్త తలుపు తీస్తే పాత గది కనిపించదు. మా ఆయన మొదలుపెట్టిన రోజుల్లో పాతదే ఉండేదని గుర్తు చేసుకుని, అన్నీ చెరిపి, పాత పద్ధతి ఎంచుకుని మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. ఈసారి వరుసలు వచ్చాయి. కింద నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి. తేదీ, సమయం, పంపిన మొత్తం.

ప్రతి వరుస పక్కన గడి ఉంది. ప్రతి గడీ ఖాళీగా ఉంది.

భాయ్ ఒకటి నొక్కి చూశాడు, ఇంకొకటి నొక్కి చూశాడు. నెమ్మదిగా అడిగాడు.

"వదినమ్మా, గీ ఫోన్ల ముందుగాల ఉన్న యాప్ తీసేసిండ్రా?"

తీసేశానన్నాను. అతను ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"పంపినయి అన్నీ బయట లెక్కల ఉంటయి. ఎవలు తీసేసినా పోవు. రాసుకున్నయి మాత్రం గీ ఫోన్లనే ఉంటయి వదినమ్మా. అవి ఇగ రావు."

పాస్‌వర్డ్ తెలియక తలుపు తీయలేకపోయిన ఇంటిని నా చేత్తో నేనే కూల్చుకున్నాను. ఆ కుర్చీలోనే ఏడ్చాను. ఆయన పోయాక అదే మొదటిసారి. భాయ్ షాపు సగం షట్టర్ దించి, బయట నిలబడి, వచ్చినవాళ్ళను తర్వాత రమ్మని పంపించాడు.

బస్సులో కూర్చుని ఆ వరుసలు చూస్తూ వచ్చాను. ఏడుపులో కూడా లెక్కల టీచర్‌నే కదా, ఆ మొత్తాలు చూస్తే చిరాకు వేసింది. రౌండుగా ఒక్కటీ లేదు. సున్నా తర్వాత చుక్క పెట్టి ఒకచోట 147, ఒకచోట 086. చాలాచోట్ల 212. డబ్బును ఇలా పంపేవాళ్ళు ఉంటారా? డైరీ పోయింది, మిగిలింది అర్థం లేని అంకెలు అనుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ఆ ఫోన్ ముట్టుకోలేదు. వంటింట్లో పాడడం కూడా ఎప్పుడు మానేశానో తెలియదు.

కోతల పండుగ ఆదివారం చర్చికి వెళ్ళాను. గుమ్మడికాయలు, వరి కంకులు, ఎవరో తెచ్చిన కోడిపుంజు, అన్నీ ముందు పెట్టి ఉన్నాయి. చెక్క బోర్డు మీద నంబర్లు ఇప్పుడు వేరే ఆయన తగిలిస్తున్నారు, కొంచెం వంకరగా. వంకర చూసి విసుక్కుంటూ మూడో నంబరు చదివాను. 212. సంఘం లేచి నా పాట అందుకుంది. ఎన్నేళ్ళుగానో ఆ పాట నోటికి పాడుతున్నాను. దాని నంబరు ఎంతో నాకు ఏనాడూ తెలియదు.

నేను లేవలేదు. సంచిలోంచి ఫోన్ తీశాను. 147 ఎదురుగా ఉన్నది మా పెళ్ళి రోజు. పుస్తకం తిప్పితే పెళ్ళిలో పాడిన పాట. 086 ఎదురుగా అత్తమ్మను మట్టి చేసిన రోజు. ఏ పాటో పుస్తకం చూడక్కర్లేదు. ఇక 212లు. సగానికి పైగా అవే. తేదీల్లో ఏ విశేషమూ లేదు, మామూలు సోమవారాలు, మామూలు గురువారాలు. సమయాలు చూశాను. సాయంత్రం ఆరున్నరకూ ఏడుకూ మధ్య. అన్నీ.

నేను పొయ్యి ముట్టించే వేళ. ఆయన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళే వేళ.

సంఘం రెండో చరణానికి వచ్చింది. చుట్టూ అందరూ శ్రుతిలోనే పాడుతున్నారు. నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది.

ఆ సాయంత్రం పప్పు పొయ్యి మీద పెట్టి పాట అందుకున్నాను. రెండో చరణం దగ్గర ఎప్పటిలాగే తప్పాను. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. పచ్చ చుక్క వచ్చేదాకా ఆగి, ఒక ఖాతాలోంచి రెండోదాంట్లోకి 212 పంపాను. పక్కన గడి తెరుచుకుంది. ఏం రాయాలో తోచక అలాగే నిలబడ్డాను. లోపల పప్పు మాడుతున్న వాసన వస్తోంది. "గాలికి వచ్చిన" అని రాసి, ఫోన్ మూసేశాను.